వెనక సీటు తెర

అయినా చీర రంగు ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు, పాతికేళ్ళ కిందటి చీర రంగు ఏ మగాడూ ఒట్టేసి చెప్పలేడు, అనుకుంటూ సన్యాసిరావు ముందు సీటు వెనక తొడుగు జిప్పు కిందికి లాగాడు. కాని వాసన పోయింది. వాసనతోపాటు ఇంకా ఏమేం పోయాయో తెలియాలంటే పోయినవి గుర్తుండాలి కదా. ఇంట్లో దొంగలు పడ్డారని తెలుసు, బీరువా తలుపు తెరిచి ఉంది, అందులో ఏముండేదో మాత్రం తెలియదు. అలాంటివాడు ఎవరి దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పుకుంటాడు?

తొడుగు కింద నాలుగు స్క్రూలు. మూడు సులువుగా వచ్చాయి, నాలుగోది తుప్పు పట్టి మొరాయించింది. ఇదే ఆఖరి బండి. మూడు వారాలుగా అతను తను బిగించిన తెరల్ని తనే ఊడదీస్తున్నాడు. విశాఖపట్నం ఆటోనగర్ చివర, మూతబడిన ఐసు ఫ్యాక్టరీలో మృణాళిని గారు పెట్టుకున్న ప్రయోగశాల ఇది. బల్లల మీద తెరలు ఒకదాని మీద ఒకటి, అద్దాలు గోడవైపు తిప్పి పేర్చి ఉన్నాయి. ఈ పాత కారు ఆవిడదే. మొట్టమొదటి తెర బిగించింది దీనికే, ఆరేళ్ళ కిందట.

స్క్రూడ్రైవరు పక్కన పెట్టి వెనక సీటులో కూర్చున్నాడు. తల మాత్రం హెడ్‌రెస్టుకి తగలకుండా ముందుకి వంచుకున్నాడు. అది ఈమధ్య అలవాటైంది. ఏ బండి ఎక్కినా, ఆఖరికి బస్సులో కూడా, మెడ నిక్కబెట్టి కూర్చుంటున్నాడు.

పదిహేనేళ్ళ వయసులో టేప్‌రికార్డర్లు బిగించడంతో మొదలైంది అతని పని. అప్పట్లో కార్లవాళ్ళు కొత్త క్యాసెట్టు జేబులో పెట్టుకుని వచ్చేవాళ్ళు. డోరు రబ్బరు కింద నుంచి వైరు లాగి, వెనక అద్దం దగ్గర స్పీకర్లు కూర్చోబెట్టి, పని నేర్పిన మేస్త్రీ చెప్పినట్టు ఒక నియమం పాటించేవాడు. బండి అప్పగించే ముందు బిగించినవాడు వెనక సీటులో కూర్చుని ఒక చుట్టు తిరిగి రావాలి. యజమాని తెచ్చిన క్యాసెట్టు కాదు, తన సొంత క్యాసెట్టు వెయ్యాలి. ఎప్పుడూ ఒకే పాట. బాగా తెలిసిన పాటలోనే తేడా ఇట్టే దొరుకుతుంది, కొత్త పాటలో చెవి మోసపోతుంది అనేవాడు మేస్త్రీ. ఆ ఒక్క పాటని సన్యాసిరావు కొన్ని వేలసార్లు విని ఉంటాడు. చివరికి అది పాటలా వినిపించడం మానేసింది. ఎడమ స్పీకరు, కుడి స్పీకరు, గరగర, అంతే. అప్పుడే అర్థం చేసుకోవలసింది. అర్థం కాలేదు.

తర్వాత బొమ్మల తెరలు వచ్చాయి. ముందు సీటు వీపుకి బిగిస్తే వెనక కూర్చున్న పిల్లలు సినిమా చూసుకుంటూ వెళ్ళేవాళ్ళు. అయితే అరకు ఘాటు ఎక్కి వచ్చిన బళ్ళు మర్నాడే తిరిగి వచ్చేవి. సీట్ల నిండా ఫినాయిలు వాసన. ఏ బండిలో చూసినా తెర ఎదురుగా కూర్చున్నవాళ్ళకే వాంతులు. కిటికీలోంచి చూసినవాళ్ళకి ఏమీ లేదు.

మృణాళిని గారు అతని షెడ్డుకి వచ్చింది ఆ సంగతి అడగడానికే. మనసు శాస్త్రం చదువుకున్న మనిషి, ఒంటరిది, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ చేతుల వైపు చూస్తుంది. కళ్ళు కదలడం లేదంటాయి, చెవి లోపలి నరం కదులుతున్నామంటుంది, ఆ తగవులో కడుపు తిరుగుతుంది అని చెప్పింది. అయితే తగవు తీర్చాలంటే తెర మీద కూడా ఏదో ఒక దారి కదలాలి, బండి వంపు తిరిగినప్పుడల్లా అదీ తిరగాలి. ఆ దారి ఎక్కడి నుంచి తేవాలన్నదే ఆవిడకి రెండేళ్ళు పట్టింది. ఆఖరికి హెడ్‌రెస్టు గుడ్డ కింద, ఆనుకున్న తలలోని జ్ఞాపకాన్ని అందుకుని తెరకి పంపే ఆవగింజలంత లోహపు చుక్కలు వరసగా కుట్టించి, మొదటి పరీక్షకి సన్యాసిరావునే కూర్చోమంది.

కూర్చోబెట్టే ముందు రిజిస్టరు తెరిచింది. ఎప్పుడో కిటికీ పక్కన కూర్చునో, కిటికీ పక్కవాళ్ళని చూస్తూనో చేసిన ప్రయాణం ఒకటి చెప్పమంది. అతను భీమిలి బస్సు చెప్పాడు. పెళ్ళైన కొత్త, వేసవి, తను, నూకరత్నం. ఆవిడ అడుగుతూ పోయింది, అతను సిగ్గుపడుతూ చెబుతూ పోయాడు, ఆవిడ రాసుకుంది. తర్వాత ఈ కారులోనే శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కారు. ఆవిడే నడిపింది. మూడో వంపులో తెర మీద పొగలాంటిది కదిలింది. పొగలోంచి కిటికీ ఊచ ఒకటి, ఊచ మీద గాజుల చెయ్యి, చెయ్యి వెనకాల సముద్రం. కారు ఎడమకి తిరిగింది. తెరలో బస్సూ ఎడమకి తిరిగింది, నూకరత్నం అతని వైపు ఒరిగింది.

సన్యాసిరావు కొండ ఎక్కి దిగేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు. దిగాక, వాంతి వచ్చిందా అని ఆవిడ అడిగితే, ఆ మాటే మర్చిపోయానమ్మా అన్నాడు.

ఆ తర్వాత జనం ఎగబడ్డారు. వాంతుల సంగతి అందరూ మర్చిపోయారు. కుటుంబాలు వెనక సీట్లో కూర్చుని తండ్రి చిన్నప్పటి రైలు, తల్లి కాలేజీ బస్సు చూసుకుంటూ తిరిగేవి. ఏ బండిలోనూ ఎవరూ బయటికి చూసేవాళ్ళు కాదు. నాలుగేళ్ళలో మూడు వందల పైచిలుకు బళ్ళకి బిగించాడు సన్యాసిరావు. ప్రతి బండికీ నియమం తప్పలేదు. అప్పగించే ముందు వెనక సీటులో కూర్చుని ఒక చుట్టు. ప్రతిసారీ భీమిలి బస్సే. బాగా తెలిసినదాంట్లోనే తేడా ఇట్టే దొరుకుతుంది. బొమ్మ వెలవెలబోతుంటే రంగు పెంచేవాడు, ఎందుకంటే కొనేవాళ్ళకి రంగు దిట్టంగా ఉంటేనే నచ్చుతుంది. ఊచల అంచులు చెదిరితే పదును పెంచేవాడు. నూకరత్నం ముఖం మీద నీడ పడితే వెలుగు పెంచేవాడు.

కూతురు సత్యవేణి అప్పుడే డిగ్రీ అయిపోయి ఒక రక్తపరీక్షల కేంద్రంలో చేరింది. వాళ్ళమ్మ పోయేనాటికి దానికి మూడేళ్ళు నిండలేదు. ఏమీ గుర్తులేదు. ఇంట్లో పెళ్ళి ఫొటో ఒకటుంది, అందులో నూకరత్నం బిగుసుకుపోయి ఉంటుంది. 'ఈ ఫొటోలో అమ్మ ఎవరికో భయపడతన్నట్టుంటాది నాన్నా' అనేది వేణి. భీమిలి బస్సు దానికి ఒకటి రెండుసార్లు చూపించాడు. చూసి సంతోషించింది. ఆ తర్వాత, నేను కూడా ఉన్నది చూపించు అని అడిగింది.

ఉంది అలాంటిది. ఒకే ఒక్కటి. వేణి పుట్టిన ఆరో రోజు, పెద్దాసుపత్రి నుంచి ఆటోలో కంచరపాలెం ఇంటికి వచ్చిన ప్రయాణం. కాని దాన్ని ఎవరివో కార్లలో, కొత్త రెగ్జిను వాసన మధ్య తీయబుద్ధి కాలేదు. తర్వాత చూపిస్తానులే అనేవాడు. పండక్కి కొనుక్కున్న బట్ట మడత విప్పకుండా దాచుకునేవాడి మనసు అది. మనసులో కూడా దాన్ని ఎక్కువ తిప్పేవాడు కాదు. అదే దాన్ని కాపాడింది.

కిందటి శ్రావణంలో ఒక పంతులమ్మ ప్రయోగశాలకి వచ్చింది. చనిపోయిన చెల్లెలి నవ్వు వినపడటం లేదని చెప్పింది. తెరలో వినపడకపోవడం కాదట, తెరలో ఎలాగూ శబ్దం లేదు. తన తలలోనే వినపడటం లేదట. చెల్లెలి నోరు తెరుచుకుంటుంది, పళ్ళు కనిపిస్తాయి, నవ్వు రాదు. మృణాళిని గారు మొదట ఆవిడకి ఏవో సర్దుబాటు మాటలు చెప్పి పంపించేసింది. తర్వాత రెండు రోజులు రిజిస్టరు తిరగేస్తూ కూర్చుంది. మూడో రోజు సన్యాసిరావుని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, భీమిలి బస్సు మళ్ళీ చెప్పమంది.

చెప్పాడు. గడగడా చెప్పాడు. కిటికీ ఊచలు ఏడు, మూడోదానికి పెచ్చు లేచింది. ఒళ్ళో తాటాకులో చుట్టిన ముంజలు. చిలకపచ్చ చీర, మెరిసిపోతుంటుంది. ఇంత వివరంగా మొదటిసారి కూడా చెప్పలేదని తనలో తనే గర్వపడ్డాడు కూడా.

వాసన ఏమిటని అడిగింది ఆవిడ.

అతను వెతికాడు. బస్సంతా వెతికాడు. ఏమీ లేదు. ఎండాకాలం బస్సు కదా, చెమట వాసన ఉంటుందేమో అన్నాడు. అది ఊహించి చెప్పిన మాట అని ఇద్దరికీ తెలిసింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రిజిస్టరు తెరిచి చదివింది. మెల్లగా, మందులచీటీ చదివినట్టు చదివింది. నూకరత్నం మందారాకు రుబ్బి తలంటుకుంది, ఆ వాసనా ముంజల పచ్చి వాసనా కలిసి వచ్చాయి. డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా 'వినపడింది బాబూ, వినపడింది' అనేది. నవ్వితే ఆమె భుజం నా భుజానికి తగిలేది, భుజం వేడిగా ఉండేది. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర.

సన్యాసిరావు నవ్వాడు. ఎవరిదో నా పేరు కింద రాసేసినట్టున్నారమ్మా అన్నాడు. ఆవిడ రిజిస్టరు అతని వైపు తిప్పింది. అడుగున అతని సంతకం ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె తీశాడు. అడుగున నూకరత్నం చీరలు నాలుగు. మూడోది ఆకుపచ్చది. ఉతికి ఉతికి, ఎండి ఎండి, నీళ్ళు కలిపిన మజ్జిగలో ఆకు ముంచినట్టుంది. దాన్ని చేతుల్లోకి తీసుకుని, ఇది తన భార్యది కాదు అనుకున్నాడు. ఖచ్చితంగా అనుకున్నాడు. ఒక్క క్షణమే. ఆ క్షణం తర్వాత నేల మీద కూలబడి, ఎంతోసేపు చీరని వాసన చూస్తూ కూర్చున్నాడు. కలరా ఉండల వాసన వచ్చింది.

నూకరత్నాన్ని దిద్దింది తనే. మూడు వందలసార్లు, ఎవరెవరి కళ్ళకో నచ్చేలా, కొంచెం కొంచెంగా రంగు పెంచుతూ. తెర చూపించినదే మళ్ళీ తలలోకి వెళ్ళి కూర్చుంది, మళ్ళీసారి అదే బయటికి వచ్చింది. తెరకి ముక్కు లేదు, చెవి లేదు, చర్మం లేదు. దానికి లేనివన్నీ అతనిలోంచి రాలిపోయాయి. తెర లేకపోయినా, గుర్తు చేసుకున్న ప్రతిసారీ కొంత అరుగుతుంది సన్యాసిరావు గారూ, అది అందరికీ ఉన్నదే, కాకపోతే ఒక జీవితకాలం పట్టే అరుగుదలని నా తెర ఒక్కసారిలో తెచ్చింది, అని చెప్పింది మృణాళిని గారు. ఆవిడ గొంతు చెబుతున్నప్పుడు మామూలుగానే ఉంది. మర్నాడే తెరలన్నీ వెనక్కి తెప్పించడం మొదలుపెట్టింది. కొందరు ఇవ్వం అన్నారు. ఒకాయన, నాకు వాసనలు అక్కర్లేదమ్మా, మా అబ్బాయి కనబడితే చాలు అని సీటుని పట్టుకుని వదల్లేదు. ఆవిడ ఆ మధ్యాహ్నం ఆయన ఇంటి అరుగు మీద కూర్చుంది, ఆయనే లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చేదాకా.

వేణికి సంగతంతా తెలిసింది. ఆ రోజు నుంచి ఆటో ప్రయాణం చూపించమని అడగడం మానేసింది. అడగకపోవడం అడగడం కన్నా గట్టిగా వినపడుతోంది సన్యాసిరావుకి. ఫొటో తుడిచేటప్పుడు అది ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగడం చూశాడు. తన రక్తం తనే తీసుకుని పరీక్ష చేసుకునే పిల్ల అది, దేనికీ ఏడవదు.

బయట స్కూటీ ఆగిన చప్పుడు. వేణి క్యారియరు పట్టుకుని లోపలికి వచ్చింది. కారు తలుపులోంచి వంగి చూసింది.

"ఏటి నాన్నా, ఊడదీసేది మానేసి కుర్రాడిలాగ సీటెక్కి కూకున్నావు?"

"ఒక స్క్రూ రాలేదు."

"ఒక్క స్క్రూ నిన్ను ఓడించేసిందేటి? జరుగు."

పక్కన కూర్చుని క్యారియరు విప్పబోయింది. అతను ఆపాడు. కాసేపు సగం వేలాడుతున్న తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి ఇది కూడా ఆ బల్లల మీదికి వెళ్ళిపోతుంది. రేపు వాటన్నిటినీ పగలగొడతారు. అతని తలలో ఆటో ఒకటి ఆసుపత్రి గేటు దాటి బయటికి రావడానికి సిద్ధంగా ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా అక్కడే నిలబడి ఉంది. తను పోతే అదీ పోతుంది. ఉన్నన్నాళ్ళూ అందులో ప్రయాణం చేసేది తనొక్కడే. ఆ రోజు అందులో ముగ్గురున్నారు.

"ఆటోది చూపిస్తానే," అన్నాడు.

వేణి అతని వైపు తిరగలేదు. క్యారియరు గిన్నె మూత మళ్ళీ పెట్టింది. "వద్దు."

"అడిగినావు కదా."

"అప్పుడు తెల్దు నాకు. తెలిసి ఎలా అడుగుతాను? నీకేటి మిగులుతాది మరి?"

"బొమ్మ మిగులుతాది."

"బస్సుది మిగిలినట్టా?"

నిజమే, బస్సుది మిగిలినట్టే మిగులుతుంది. వేడి లేని భుజంతో, గొంతు లేని నోటితో. అతనికి భయం వేసింది. ఆ భయాన్ని దాచకుండా చెప్పేశాడు, "భయంగానే ఉంది. అయినా దాసుకుని ఏటి సేస్తాను? ముందు నీకు సెప్తాను. తెరకి ఎక్కనివన్నీ సెప్తాను. నువ్వు గట్టిగా పట్టుకో. నేను మర్సిపోయాక నాకు నువ్వు సెబుదువుగాని."

వేణి క్యారియరు తీసి కాళ్ళ దగ్గర పెట్టింది. తర్వాత, రక్తం తీసే ముందు చెయ్యి చాపమన్నట్టు, ఊ, సెప్పు అంది.

అతను చెప్పాడు. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి తడబడుతూ చెప్పాడు. వాన కురిసి వెలిసింది, ఆటో లోపల తడిసిన గోనెసంచి వాసన. నూకరత్నం ఒంటి నుంచి పాల వాసన, వాము వాసన. మెలకువగా ఉన్న పసిగుడ్డుకి ఊరు చూపిస్తూ వచ్చింది, బస్సు కండక్టరులాగ. ఇది పూర్ణా మార్కెట్టమ్మా, ఇది కాన్వెంట్ జంక్షనమ్మా, ఇది జ్ఞానాపురం. ఆపరేషను కుట్లు లాగుతున్నాయేమో, ప్రతి పేరు చివరా గొంతు చిన్నగా విరిగేది. ఆటోవాడు నవ్వితే, నువ్వు నవ్వకు నాయనా, దీనికి తెల్దు కదా ఊరు, ఎవురో ఒకరు సెప్పాలి కదా అంది. కంచరపాలెం మెట్టు దగ్గర సన్యాసిరావు చూపుడువేలు తీసి పాప అరచేతిలో పెట్టింది. నూకరత్నం వేళ్ళు చల్లగా ఉన్నాయి, పాప అరచెయ్యి వేడిగా ఉంది.

వేణి తిరిగి చెప్పింది. గోనెసంచి, పాలు, వాము. మార్కెట్టు, జంక్షను, జ్ఞానాపురం. గొంతు పేరు మొదట్లో విరిగేది అంది. మొదట్లో కాదు, చివర్లో, అని దిద్దాడు. ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఈసారి తప్పు లేదు. వేళ్ళు చల్లగా, అరచెయ్యి వేడిగా అన్నప్పుడు మాత్రం వేణి తన చెయ్యి తను చూసుకుంది.

మృణాళిని గారు తలుపు దగ్గర ఎప్పటి నుంచి నిలబడి ఉందో వాళ్ళు గమనించలేదు. బండి కదిలితే గాని తెర వెలగదు, నడిపేవాళ్ళు కావాలి. సన్యాసిరావు ఆవిడని అడగడానికి నోరు తెరిచాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నాచేత మళ్ళీ చేయించకండి అంది.

"ఆ మూడొందలసార్లు తెలీక సేసినానమ్మా. ఇది తెలిసి సేస్తన్నాను. ఈ ఒక్కటీ నాది," అన్నాడు సన్యాసిరావు.

ఆవిడ అతని చేతుల వైపు చూసింది. అవి అప్పటికే ఊడిన స్క్రూలు ఏరుకుంటున్నాయి. చూసి, బల్ల మీంచి రిజిస్టరు తీసింది, మళ్ళీ ఏమనుకుందో అక్కడే పెట్టేసింది. అది రాసుకునేది కాదనుకున్నట్టుంది. వచ్చి డ్రైవరు సీటులో కూర్చుంది. ఏ దారి అని అడిగింది. పెద్దాసుపత్రి దారి చెప్పాడు, అక్కడి నుంచి ఇంటికి.

అతను వేలాడుతున్న తెరని సీటు వీపుకి నొక్కి, ఊడిన కనెక్టరుని చోటు చూసి తగిలించాడు. వచ్చిన మూడు స్క్రూలు మళ్ళీ బిగించాడు. కారు ఐసు ఫ్యాక్టరీ గేటు దాటింది. మధ్యాహ్నపు ఎండలో ఆటోనగర్ రోడ్డంతా లారీలు, రేకులు సాగగొట్టే చప్పుళ్ళు. ఆసుపత్రి గేటు ముందు ఆవిడ బండిని తిప్పి, ఒక్క నిమిషం ఇంజను ఆపకుండా నిలిపింది. వెనక్కి చూడలేదు.

సన్యాసిరావు ఇంకా మెడ నిక్కబెట్టుకునే ఉన్నాడు. పక్కన వేణి పెదవులు కదుపుతూ లోపల వల్లెవేసుకుంటోంది. చివర్లో విరుగుతుంది, చివర్లో. అతను ఆఖరిసారిగా నూకరత్నం గొంతుని తనలో తను ఒకసారి విన్నాడు, పూర్ణా మార్కెట్టమ్మా దాకా.

కారు కదిలింది. అతను తల వెనక్కి ఆనించాడు.